అలసిపోతే అదే పడుకుంటుంది

మా పక్కింటాయనకు ఈమధ్య కుడి చెయ్యి పైకి లేవడం లేదు. కుక్క వల్ల అని చెబితే, "కరిచిందా?" అని డాక్టరు కంగారుపడ్డారట. "లేదండీ, బంతి విసిరాను" అన్నారట ఈయన.

ఆ ఇంట్లో బోర్డర్ కోలీ అనే జాతి కుక్క ఉంది, ఎనిమిది నెలలది. క్షణం కుదురుండదు. "బాగా పరిగెత్తించండి, అలసిపోతే అదే పడుకుంటుంది" అని ఎవరో చెప్పారు. ఎవరో ఏమిటి, అందరూ చెబుతారు. కుక్కను పెంచినవాళ్లూ, ఫొటోలో తప్ప చూడనివాళ్లూ. ఆ మహావాక్యాన్ని నమ్మి ఆయన మొదటి వారం రోజుకు ఇరవైసార్లు విసిరారు. కుక్క పడుకోలేదు. యాభై చేశారు. పడుకోలేదు. భుజం మొరాయిస్తే బంతి విసిరే ప్లాస్టిక్ కర్ర కొన్నారు. బంతి రెట్టింపు దూరం వెళ్లింది, కుక్క ఆ దూరానికీ అలవాటుపడింది. నెల తిరిగేసరికి ఆయనకు ఫిజియోథెరపీ, దానికి ఒలింపిక్ కండలు. ఇప్పుడు ఆయన తల గోక్కోవడానికి చెయ్యెత్తినా అది వంగి పరుగుకు సిద్ధం. బట్టలు ఆరేయడానికి లేదు. ఎవరికైనా నమస్కారం పెట్టాలన్నా కుక్క ఎటు ఉందో చూసుకుని పెడుతున్నారు.

"రోజూ గంటన్నర విసురుతున్నానండీ, ఇంకా అలసట రాదేమిటి?"

"వచ్చింది కదండీ, మీకు."

ఆయన నవ్వలేదు.

కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి అన్నారు పెద్దలు. ఈ కుక్క పని ఏమిటో మాత్రం కొనేముందు ఎవరూ అడగరు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల్ని మళ్లించడానికి తరతరాలుగా ఏరి తయారుచేసిన జాతి ఇది. వీటి మూలపురుషుడు, ఓల్డ్ హెంప్ అనే కుక్క, 1893లో పుట్టాడు. అరుపులు, హడావిడి లేకుండా చూపుతోనే మందను కదిలించేవాడని పేరు. అంతటి వంశాంకురానికి మనం ఇచ్చిన ఉద్యోగం, సోఫా పక్కన అందంగా కూర్చోవడం. దాంతో స్వయం ఉపాధి చూసుకుంటుంది. పరిగెత్తే పిల్లల మడమలు పట్టి మూలకు తోలుతుంది. సైకిళ్లను మళ్లిస్తుంది. ఏదీ దొరకకపోతే గోడ మీద నీడలకు కాపలా కాస్తుంది. అలాంటిదాని ముందు లేజర్ లైటు తిప్పి, ఎన్నటికీ చిక్కని ఎర్రచుక్క వెంట అది పిచ్చెక్కినట్టు తిరుగుతుంటే వీడియో తీసే రసికులున్నారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ముద్దుగా ఉందని కొంటారు. ఏడాది నిండకుండానే, అంటే కుర్రతనం ముదిరే వేళకు, "హైపర్" అని ముద్ర వేస్తారు. గొలుసుతో కట్టేస్తారు. మెడకు షాక్ కొట్టే పట్టీ తగిలిస్తారు. చివరికి "మంచి ఇల్లు దొరికితే ఇచ్చేస్తాం" అని ప్రకటన. మంచి ఇల్లా? మరి మీదేమిటి? పని కోసమే పుట్టించిన ప్రాణికి పని ఇవ్వరు, అదే వెతుక్కుంటే కొడతారు. సిగ్గుండాలి.

అమెరికాలో జాన్ పిల్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ చేజర్ అనే బోర్డర్ కోలీకి మూడేళ్లలో 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. మీరు పది నేర్పండి, చాలు. తిండి గిన్నెలో పోయకుండా గడ్డిలో చల్లి, ముక్కుతో వెతుక్కోనివ్వండి. సైకిళ్ల వెంటపడే అలవాటు పోయేదాకా పొడవాటి తాడు వదలకండి. చాప మీద ఊరికే పడుకున్నప్పుడూ ఓ ముక్క పెట్టండి, ఊరుకోవడం కూడా నేర్పాల్సిన విద్యే. అసలు ఈ వయసు కుక్క రోజులో చాలాభాగం నిద్రపోవాలి. నిద్ర చాలక చేసే అల్లరిని మనవాళ్లు ఎనర్జీ అనుకుని మళ్లీ బంతి తీస్తారు.

నిన్న పక్కింటాయన కూతురు పాత టవల్లో బిస్కెట్టు ముక్కలు చుట్టి, ముడివేసి దాని ముందు పడేసింది. ఇరవై నిమిషాలు మూతీ పంజా బుర్రా అన్నీ పెట్టి విప్పుకుంది. ఆ తర్వాత చాప మీద వాలి, గురక మొదలెట్టింది. గోడ ఇవతల నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతలో ఆయన ఎడమచేత్తో ప్లాస్టిక్ కర్ర పట్టుకుని బయటికొచ్చారు.

"అరె, పడుకున్నావేంట్రా! లే, లే, బంతి టైమైంది!"