నక్షత్రాల పుస్తకం కొంటున్నారా? ముందు అది ఏ అక్షాంశానికి రాశారో చూడండి

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈ రెండు నెలలూ ఒకటే ప్రశ్న: "మా వాడికి నక్షత్రాలంటే పిచ్చి, మంచి ఆస్ట్రానమీ పుస్తకం చెప్పండి." జవాబులూ ఎప్పుడూ అవే. సేగన్ 'కాస్మోస్', హాకింగ్ 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్', అవీ కాకపోతే హబుల్ ఫొటోలతో ఇటుకంత బరువున్న ఎన్‌సైక్లోపీడియా.

1980లో వచ్చిన 'కాస్మోస్' గానీ, 1988 నాటి హాకింగ్ పుస్తకం గానీ గొప్పవి కావని ఎవరూ అనరు. కానీ రెండూ కంఠతా పట్టినా, డాబా ఎక్కితే తూర్పున మెరుస్తున్నది ఏ చుక్కో తెలియదు. అవి కుర్చీలో కూర్చుని చదవాల్సినవి. చీకట్లో చేత పట్టుకుని ఆకాశంతో సరిపోల్చుకునే పుస్తకం అవసరమే వేరు, దాన్ని ఎంచుకునే పద్ధతీ వేరు. ఆ పద్ధతి చెప్పేవాళ్లు తక్కువ. ఫలితం ఏమిటంటే, కొన్న పుస్తకం రెండు రాత్రులు బయటికొచ్చి మూడో రాత్రికి అటకెక్కుతుంది.

అసలు తిరకాసు అక్షాంశం దగ్గర ఉంది. మార్కెట్లో దొరికే ఇంగ్లిష్ పుస్తకాల్లో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్ పాఠకులకు రాసినవి. నెలవారీ పటం కింద చిన్న అక్షరాల్లో "40 నుంచి 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాలకు" అని ఉంటుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీలు, విజయవాడ 16.5, తిరుపతి 13.6. ఈ తేడా చిన్నది కాదు. 50 డిగ్రీల పటం మన దక్షిణాకాశంలో 30 డిగ్రీలకు పైగా కోసి పారేస్తుంది. ఆ పటంలో నడినెత్తిన ఉండే చుక్కలు మనకు ఉత్తరానికి వాలిపోయి ఉంటాయి. మన నడినెత్తి మీదుగా వెళ్లేది రోహిణి. విజయవాడలో అయితే దాదాపు అంగుళం తేడా లేకుండా తలమీదే. లండన్ పుస్తకం మాత్రం దాన్ని దక్షిణం వైపు వెతకమంటుంది.

ఇంకో ముచ్చట. ఈ పుస్తకాలన్నీ మొదటి పాఠంగా ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోమంటాయి. సప్తర్షి మండలం ఏడాది పొడవునా కనిపిస్తుంది, అందులో చివరి రెండు చుక్కల వెంట గీత గీయండి, అయిపోయింది అంటాయి. లండన్లో అది నిజం. మన దగ్గర అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి దాకా సాయంత్రం పూట సప్తర్షులు క్షితిజం కిందే ఉంటారు. అప్పుడు W ఆకారంలో ఉండే కాసియోపియా నక్షత్ర మండలాన్ని పట్టుకోవాలి. సరే, దిక్కు దొరికిందనుకుందాం. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే, అంటే 17 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే 10 డిగ్రీలు, కాబట్టి రెండు పిడికిళ్లు కూడా లేదు. దుమ్ము పొర కొంత, ఎదురు అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు కొంత, పాఠం మొదటి రోజే ఫెయిల్. మన ఊళ్లలో మొదలుపెట్టాల్సింది ఓరియన్ నక్షత్ర మండలం నుంచి. భూమధ్యరేఖకు సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే ఖగోళ మధ్యరేఖ మీద కూర్చుంటుంది, శీతాకాలమంతా నిక్కచ్చిగా కనిపిస్తుంది, నగరం వెలుగులోనూ మూడు చుక్కల నడుము చెదరదు.

పుస్తకం కొట్టులో తేల్చుకోవడానికి నా పరీక్ష ఒక్కటే: వెనక సూచికలో అగస్త్య నక్షత్రం వెతకండి, అంటే కనోపస్. ఆకాశం మొత్తంలో సిరియస్ తర్వాత అంత ప్రకాశవంతమైన చుక్క అదే. 37 డిగ్రీలకు ఉత్తరంగా ఉన్నవాళ్లకు అది అసలు ఉదయించదు. హైదరాబాద్లో ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9, 9:30 మధ్య సరిగ్గా దక్షిణాన, 20 డిగ్రీల ఎత్తులో, సిరియస్ నుంచి 36 డిగ్రీలు కిందికి దిగితే కళ్లెదురుగా ఉంటుంది. మీ చేతిలోని పుస్తకం దాన్ని "దక్షిణార్ధగోళం" అన్న అనుబంధంలో ఒక పేరాతో ముగించేసిందంటే, అది మనకోసం రాసింది కాదు.

ఆ అనుబంధాన్ని మనవాళ్లు "ఆస్ట్రేలియాకి సంబంధించింది" అనుకుని తిప్పేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. ఒమేగా సెంటారీ అందులోనే ఉంటుంది. మన పాలపుంతలోకెల్లా పెద్ద గోళాకార నక్షత్రగుచ్ఛం, అంటే బంతిలా కిక్కిరిసిన చుక్కల గుంపు. బ్రిటన్ వాళ్లు విమానం ఎక్కితే తప్ప చూడలేరు. మనకు మే రెండో వారంలో రాత్రి 10 గంటల ప్రాంతంలో చిత్త నక్షత్రం నుంచి నేరుగా కిందికి 36 డిగ్రీలు దిగితే చాలు, 25 డిగ్రీల ఎత్తులో బైనాక్యులర్లో గుండ్రటి బూడిదరంగు మసకలా దొరుకుతుంది. సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు నక్షత్ర మండలమైతే అదే నెలలో 9 గంటలకు దక్షిణాన 12 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆ వైపు పొలమో సముద్రమో ఉంటే ఇంకేం కావాలి?

కాలాల లెక్కా అంతే. వాళ్ల పుస్తకాల్లో పెద్ద అధ్యాయం "వేసవి ఆకాశం". జులై, ఆగస్టు. మనకి ఆ నెలల్లో మబ్బులు తప్ప ఇంకేమీ కనబడవు. మన సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, మహా అయితే మే. పుస్తకంలో శీతాకాలం, వసంతం పేజీలు పల్చగా ఉంటే డబ్బులు దండగ.

సమయం విషయంలో కొద్దిపాటి సర్దుబాట్లు చాలు. వాళ్లు వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పుతారు కాబట్టి పటం పక్కన "గంట కలుపుకోండి" అని ఉంటుంది. మనం కలపకూడదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది. విశాఖకు పటం దాదాపు అలాగే సరిపోతుంది, హైదరాబాద్లో అదే దృశ్యం 16 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చుక్కలు రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, నెలకు 2 గంటలు. కాబట్టి రాత్రి 9 గంటల పటాన్ని 11కి వాడాలంటే వచ్చే నెల పేజీ తీయడమే. పటంలో తూర్పు ఎడమవైపు ఉందేమిటని కంగారు పడొద్దు. అది నేలమీద పరిచి చూసేది కాదు, తలపైకెత్తి పట్టుకుని చూసేది. ఈ ఒక్క వాక్యం చెప్పని పుస్తకాలు కూడా అచ్చవుతున్నాయి!

ఇక కాగితం, రంగులు. ఇది ఎవరూ పట్టించుకోరు కానీ, పుస్తకం బయట పనికొస్తుందో లేదో తేల్చేది ఇదే. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్ల టార్చి ఒక్క క్షణం వెలిగిస్తే అదంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఎర్ర టార్చి వాడతాం, మామూలు టార్చికి ఎర్ర సెల్లోఫేన్ రెండు మూడు పొరలు చుట్టినా సరిపోతుంది. ఎర్ర వెలుగులో తెల్ల కాగితం కూడా ఎర్రగానే కనిపిస్తుంది కాబట్టి, ఆ కాగితం మీద ఎరుపు, నారింజ, గులాబీ రంగుల్లో అచ్చేసినవన్నీ మాయమైపోతాయి. గెలాక్సీలకు ఎర్ర గుర్తులు, రాశుల గీతలకు నారింజ వాడిన అందమైన పటం రాత్రి సగం ఖాళీ పేజీ. కొట్టులోనే పరీక్షించొచ్చు: ఫోన్ తెర నిండా ఒట్టి ఎర్ర బొమ్మ పెట్టి, పేజీ మీద చేతి నీడ పడేలా చేసి, ఆ వెలుగులో చదవండి. నలుపు, నీలం మిగులుతాయి. గీతలు, పేర్లు కూడా మిగిలితే కొనండి. తళతళలాడే ఆర్ట్ పేపర్ జనవరి మంచుకు తడిసి పేజీకి పేజీ అతుక్కుంటుంది. బల్లపరుపుగా తెరుచుకోని పుస్తకాన్ని మోకాలితో నొక్కి పట్టుకోవాలి, అప్పటికి బైనాక్యులర్ ఎత్తడానికి చేతులు మిగలవు.

చుక్కల సంఖ్య ఎక్కువుంటే మంచి పటం అనుకోవడం కూడా పొరపాటే. మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. మాగ్నిట్యూడ్ 4 వరకు ఆకాశం మొత్తం మీద సుమారు 500 నక్షత్రాలు, 6.5 వరకు వెళ్తే 9,000. నగరంలో మీకు కనిపించేది మొదటి లెక్క కూడా కాదు. తొమ్మిది వేల చుక్కల పటం చేతికిస్తే పిల్లాడు ఏది ఏదో తేల్చుకోలేడు. 'పాకెట్ స్కై అట్లస్' నాకు చాలా ఇష్టమైన పుస్తకం. 80 పటాలు, 7.6 మాగ్నిట్యూడ్ దాకా 30 వేలకు పైగా నక్షత్రాలు, ఆకాశమంతా ఉంటుంది కాబట్టి అక్షాంశం గొడవే లేదు. అయినా మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దు, 10×50 బైనాక్యులర్ (పదింతలు పెద్దగా చూపే, 50 మి.మీ. కటకాలది) అలవాటయ్యాక తీసుకోండి. 'టర్న్ లెఫ్ట్ ఎట్ ఓరియన్' చేతిలో టెలిస్కోప్ ఉన్నవాళ్లకే. అందులో నాకు నచ్చేది నిజాయితీ: కంటికి ఎలా కనిపిస్తుందో అలా గీసిన బొమ్మలుంటాయి.

ఆ నిజాయితీ ఎందుకు ముఖ్యమంటే, మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు. కెమెరా గంటల తరబడి వెలుగు పోగేస్తుంది, కన్ను ఆ పని చేయలేదు. ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోలో నీలి సుడి, టెలిస్కోప్ ఐపీస్‌లో బూడిద మరక. జేమ్స్ వెబ్ బొమ్మలైతే పరారుణ కాంతికి తర్వాత రంగులద్దినవి. ఈ మాట ముందే చెప్పని పుస్తకం చదివిన పిల్లాడు టెలిస్కోప్‌లో కన్ను పెట్టగానే "ఇంతేనా" అంటాడు. శనీ అంతే. 2025 మార్చిలో వలయాలు అంచు మాత్రమే మనవైపు ఉండేలా తిరిగాయి, ఫొటోల్లోలా వెడల్పుగా విచ్చుకునేది 2032 ప్రాంతంలో.

కొత్త ఎడిషనే కావాలని పట్టుబట్టక్కర్లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నక్షత్ర పటాలు దొరికితే నిశ్చింతగా తీసుకోండి. అయనచలనం, అంటే భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల పటంలో చుక్కల స్థానాలు జరగడం, ఏడాదికి 50 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), యాభై ఏళ్లకు చంద్రబింబం కంటే కాస్త ఎక్కువ జరుగుతుంది, ఒట్టి కంటికి ఆ తేడా పట్టదు. కాలం చెల్లేది గ్రహాల పట్టికలకే. పటంలో లేని ప్రకాశవంతమైన చుక్క రాశిచక్రంలో కనిపిస్తే అది గ్రహం అని గుర్తుంచుకుంటే పట్టిక లేకపోయినా గడిచిపోతుంది. శని ఉపగ్రహాల సంఖ్య పాతదని పుస్తకాన్ని తిరస్కరించొద్దు, అది 2025లో 274కి చేరింది, ఇంకా మారుతుంది. కానీ 2006 తర్వాతి ముద్రణలో కూడా ప్లూటో తొమ్మిదో గ్రహంగా ఉంటే, ఎవరూ దిద్దకుండా అచ్చేశారని అర్థం.

ఇంట్లో ఉన్న పంచాంగాన్ని కూడా పక్కన పెట్టుకోండి. ఫలితాల పేజీలు వదిలేసి తిథి చూడండి. బహుళ పంచమి దాటాక చంద్రుడు వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది, సాయంత్రాలు చీకటిగా దొరుకుతాయి. చంద్రుడు రోహిణిలో ఉన్నాడని రాసిన రోజు వెళ్లి చూస్తే ఆ దాపులోనే ఎర్రటి చుక్క కనిపిస్తుంది. మరీ పక్కనే ఉండకపోవచ్చు. చంద్రుడి దారి 5 డిగ్రీలు అటూ ఇటూ వాలుతుంది కాబట్టి, కొన్నేళ్లు రోహిణిని కప్పేస్తాడు, కొన్నేళ్లు పది డిగ్రీల దూరంలో పోతాడు.

తెలుగు ప్రచురణకర్తలకు ఒక విన్నపం. సౌరకుటుంబం మీద పిల్లల పుస్తకాలు చాలానే వేశారు, ఇక చాలు. 17 డిగ్రీల అక్షాంశానికి, రాత్రి 8 గంటలకు, మన సమయంలో 12 పటాలు వేయండి. నగరానికి మాగ్నిట్యూడ్ 4 వరకు ఒక వరస, ఊళ్లకు 5.5 వరకు ఇంకో వరస. నలుపు, నీలం రెండే రంగులు, మొద్దు కాగితం, స్పైరల్ బైండింగ్. జూన్ నుంచి సెప్టెంబరు పటాలు చిన్న సైజులో వేసినా ఎవరూ అడగరు. హబుల్ ఫొటో తప్పదనుకుంటే అట్ట మీద ఒకటి వేసుకోండి, లోపల మాత్రం వద్దు.