శ్వేతపత్రం గారికో విన్నపం: మీ 43వ పేజీ ఏదీ?

మహారాజశ్రీ శ్వేతపత్రం గారి సముఖానికి,

మార్చి 31 మళ్ళీ వచ్చి వెళ్ళింది. ఎప్పటిలాగే అర్ధరాత్రికి ఖజానా సర్వరు మూతపడింది, సర్కారు మాకు బాకీపడ్డ బిల్లుల్లో పాస్ కానివన్నీ వెనక్కొచ్చాయి. కొత్త ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ ఎక్కించాలి, మళ్ళీ టోకెన్, అంటే చెల్లింపు వరుసలో నంబరు, పుట్టాలి, మళ్ళీ వరుసలో చివర నిలబడాలి. "మార్చిలోపు తప్పకుండా" అని మాటిచ్చినవాళ్ళు ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు గనక, కాస్త తీరిక చిక్కి తమరికి రాస్తున్నాం.

కొత్త ప్రభుత్వం గద్దెనెక్కగానే పాతవాళ్ళు వదిలిన లెక్కలు బయటపెట్టే తమరి వంశవృక్షం మాకు కంఠతా వచ్చు. విభజన జరిగిన 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక విడత అవతరించారు. 2019 జూలైలో అక్కడి అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ గారి చేతుల మీదుగా మరోసారి. 2023 డిసెంబర్ 20న భట్టి విక్రమార్క గారు తెలంగాణ అసెంబ్లీలో 42 పేజీలుగా తమరిని ప్రవేశపెట్టారు. నాలుగు రోజులు తిరక్కుండానే ప్రతిపక్షం స్వేదపత్రం (చెమట పత్రం) అంటూ తమరికి సవతిని తెచ్చింది. ఇక 2024లో చంద్రబాబు గారి ప్రభుత్వం పోలవరం, అమరావతి, విద్యుత్, మద్యం, శాంతిభద్రతలు అంటూ వరుసపెట్టి ఏడుగురిని కన్నది. జూలై 26న ఆఖరివాడిగా ఆర్థిక శ్వేతపత్రం వచ్చాడు. పూర్తి బడ్జెట్ మాత్రం నవంబర్ 11న వచ్చింది. ఖజానా ఖాళీ అని చెప్పడానికున్న తొందర, ఖర్చు ఎలా పెడతామో చెప్పడానికి ఉండదు కాబోలు. హైదరాబాదూ తక్కువేం తినలేదు: డిసెంబర్‌లో తమరు, ఫిబ్రవరిలో ఓట్ ఆన్ అకౌంట్ (కొన్ని నెలల తాత్కాలిక పద్దు), జూలై 25కి గానీ పూర్తి బడ్జెట్ లేదు.

తమరి కూడికలకు మాత్రం వంక పెట్టం. తెలంగాణ అప్పు 2014-15లో 72,658 కోట్లుంటే అది 6,71,757 కోట్లకు చేరిందన్నారు. రిజర్వు బ్యాంకు దగ్గర చేయి చాచకుండా గడిచిన రోజులు ఏడాదికి 303 నుంచి 30కి పడిపోయాయన్నారు. ఆంధ్ర లెక్క 9.74 లక్షల కోట్లన్నారు. అవతలివాళ్ళు ఇవన్నీ అబద్ధమంటారు, ఆ గొడవ తేలదు. ఎందుకంటే దిగిపోయినవాడి అప్పు లెక్కేసేటప్పుడు కార్పొరేషన్ల అప్పులు, గ్యారంటీలు, డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బాకీలు, చెల్లించని బిల్లులు అన్నీ కలిపి కూడతారు. తమ అప్పు దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ పుస్తకంలో ఉన్నదే అప్పు. రెండు వైపులా ఇదే కూడిక, ఇదే తీసివేత.

తమరు లేకుండా కూడా సంక్షోభాలు దాటిన ప్రభుత్వం ఒకటుంది. 1991 జూన్ 21న పీవీ నరసింహారావు ప్రమాణం చేసేనాటికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడేంతే. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో దాదాపు 47 టన్నుల బంగారం లండన్‌కు తాకట్టుకు పోయింది. జూలై 24న పగలు కొత్త పారిశ్రామిక విధానం, సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్. మొత్తం 33 రోజులు. ఎరువుల ధర 40 శాతం పెంచి, సొంత పార్టీవాళ్ళే ఎదురుతిరిగితే 30కి దించారు. తప్పో ఒప్పో, ఏం చేస్తారో తేదీతో సహా తెలిసింది.

నిజమే, రాష్ట్రానికి అంత వీలు లేదు. నోట్లు కొట్టలేదు, రూపాయి విలువ తగ్గించలేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం 293(3) అధికరణం ప్రకారం కొత్త అప్పుకు ఢిల్లీ సరే అనాలి. అంచేత కొత్త ప్రభుత్వం చేతిలో మిగిలే ఆయుధం ఒక్కటే: బిల్లు ఆపడం.

ఇక్కడే మాకు తమరితో తగువు.

ఒకటో తారీఖున జీతాలు, పింఛన్లు. వడ్డీలు, బాండ్ల గడువు సొమ్ము రిజర్వు బ్యాంకు ఎవరినీ అడక్కుండానే కోసుకుంటుంది. ముఖ్యమంత్రి బటన్ నొక్కే పథకానికి తేదీ ముందే పేపర్లో వేసేస్తారు. మంగళవారం బాండ్ల వేలంలో అప్పు పుడితే సరి, లేకపోతే రిజర్వు బ్యాంకు దగ్గర చేబదుళ్ళు, అవీ అయిపోతే ఆ పరిమితి దాటి వాడుకునే ఓవర్‌డ్రాఫ్ట్. అది వరసగా 14 పనిదినాలు దాటినా, మూడు నెలల్లో 36 పనిదినాలు దాటినా రిజర్వు బ్యాంకు చెల్లింపులు నిలిపేస్తుంది. ఆ గీత దాటకుండా ఆర్థిక శాఖ ఏం ఆపగలదు? జీతం ఆపితే ధర్నా, వడ్డీ ఆపితే పరువు. బిల్లు ఆపితే ఏమీ కాదు. టోకెన్ నంబరు తెర మీద అలాగే మెరుస్తూ ఉంటుంది.

అసలు మతలబు ఇంకొకటుంది. ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో నడుస్తాయి. చెల్లించని బిల్లు ఖర్చే కాదు. ఖర్చు కాకపోతే ద్రవ్యలోటులోకి రాదు, లోటులోకి రాకపోతే అప్పు పరిమితికి తగలదు. అంటే బాకీ పెట్టినకొద్దీ లోటు తగ్గినట్టు కనిపిస్తుంది! వడ్డీ లేదు, గడువు లేదు, అసెంబ్లీ ఆమోదం అక్కర్లేదు. ఇంతకన్నా మంచి అప్పు ప్రపంచబ్యాంకు కూడా ఇవ్వదు.

ఆ అప్పు ఇస్తున్నది ఎవరో తమరికి తెలుసా? ఇంజినీరు ఏఈ ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో కొలతలు రాసి, పై ఇంజినీరు డీఈ చెక్ చేసి, క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు కాగితమిచ్చి, ఆపై ఇంజినీరు ఈఈ సంతకం చేసి, పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో ఆడిట్ అయ్యాక టోకెన్ పడిన చిన్న కాంట్రాక్టరు. అతని పది లక్షల బిల్లు చూడండి. సర్కారు రేట్ల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్ ప్రకారం పని ఖర్చు మీద ఓవర్‌హెడ్లు, లాభం కలిపి 13.615 శాతం. అంటే పని ఖర్చు 8.80 లక్షలు, మిగులు దాదాపు 1.20 లక్షలు. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది, నెలకు 17,600. ఏడో నెల నిండకుండానే లాభం హరీ. తర్వాత ప్రతి నెలా అతను సర్కారుకు ఎదురు కట్నం ఇస్తున్నట్టే. సర్కారు బజారులో ఏడెనిమిది శాతానికి అప్పు తెచ్చుకోగలదు. ఇరవై నాలుగు శాతం కడుతున్నవాడి జేబులోంచి ఉచితంగా వాడుకుంటోంది. పైగా ఇదంతా ఆదా అనుకుంటోంది. వచ్చే టెండరుకు అతను రాడు, వచ్చినవాడు ఈ ఆలస్యాన్ని రేటులోనో సిమెంటులోనో రాబట్టుకుంటాడు. ఆ కల్వర్టు మూడో వానకే పగిలితే మళ్ళీ విచారణ, మళ్ళీ తమరు.

తెలంగాణ సర్పంచులు వైకుంఠధామాలు, పల్లె ప్రకృతి వనాలు, డంపింగ్ యార్డులు చేతి డబ్బులతో కట్టించారు. 2024 జనవరి 31న పదవీకాలం అయిపోయింది, బిల్లులు మాత్రం అయిపోలేదు. ఆంధ్రలో చెరువుల పూడికతీత లాంటి నీరు-చెట్టు పనులు చేసినవాళ్ళు ప్రభుత్వం మారాక కోర్టుల మెట్లరిగేలా తిరిగారు. పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచి తెలంగాణ మూడేళ్ళ గ్రాట్యుటీని వాయిదా వేసింది. 2024లో ఆ బరువంతా ఒక్కసారి మీద పడితే రిటైరైనవాళ్ళు కమ్యుటేషన్ (పింఛనులో కొంత ముందే ఒకేసారి తీసుకునే సొమ్ము) కోసం రిజర్వు బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ ఈ-కుబేర్ వైపు చూస్తూ కూర్చున్నారు. జీపీఎఫ్ (భవిష్యనిధి) అయితే వాళ్ళు దాచుకున్న సొమ్మే. దానికి కూడా వరుసా?

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి, సర్టిఫికెట్లు బిగబట్టే కాలేజీల గురించి ఇక్కడ రాయం. ఆరోగ్యశ్రీ ఆస్పత్రుల వార్షిక సమ్మె గురించీ రాయం. ఒక్క లేఖలో పట్టవు.

ఓట్ల ముందు ఓడ మల్లయ్య, గెలిచాక బోడి మల్లయ్య. అది వాళ్ళ సంగతి. నీ సంగతి వేరు. బకాయి బిల్లులంటూ ఒక పెద్ద మొత్తం నువ్వే వేశావు కదా! ఆ అంకె చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు, టీవీల్లో గ్రాఫులు తిప్పారు. ఏ బిల్లు ఎంత పాతది, ఎవరిది ముందు, ఏ నెలలో ఇస్తారు, ఆలస్యానికి వడ్డీ ఎంత? ఒక్క వాక్యం రాయడానికి నీకు చేతులు రాలేదా? 42 పేజీలు రాసినవాడివి 43వ పేజీ దగ్గర చచ్చుబడ్డావేం? పాతవాళ్ళు ఎగ్గొట్టారని ఊరంతా చాటావు. బిల్లు ఎగ్గొట్టింది పాతవాళ్ళే కావచ్చు, వరుస తప్పించి పక్కవాడికి ఇచ్చింది ఎవరు? ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్, ముందొచ్చిన బిల్లుకే ముందు డబ్బు, అని గోడ మీద రాసి, హైకోర్టులో కోర్టు ధిక్కారం వేసినవాడికి ముందు ఇచ్చేది ఎవరు?

క్షమించాలి, తమరు అనే మాట జారిపోయింది.

నిజానికి తమరి మీద కొంత అభిమానం కూడా ఉంది. ఈ బాకీలు నలుగురి కంటా పడేది ఐదేళ్ళకోసారి, తమరు వచ్చిన రోజునే. అందుకే అడుగుతున్నాం. పాత ప్రభుత్వం మీద కాదు, కూర్చున్న ప్రభుత్వం మీదే మూడు నెలలకోసారి రండి. గ్లాసీ కాగితం, ముఖచిత్రం అక్కర్లేదు. ఒక్క పట్టిక చాలు: టోకెన్ తేదీ, పద్దు, మొత్తం, ఎన్ని రోజులైంది, చెల్లించే నెల. పది లక్షల లోపు బిల్లులు ముందు, అందులో పాతవి ముందు. నిధులు చూపని కొత్త పనికి పరిపాలనా అనుమతి వద్దు. శంకుస్థాపన పలకలు చెక్కేవాళ్ళకు కాస్త నష్టం, భరించమనండి. కార్పొరేషన్ పేరుతో తెచ్చే ప్రతి అప్పుకూ ఏ ఆదాయం తాకట్టు పెట్టారో పక్కన రాయండి. అప్పుడు, మద్యం మీద పన్నును అప్పుకు ముందే రాసిచ్చేసిన తర్వాత ఆ పన్నుతో ఇంకో పథకం ప్రకటించకుండా ఉంటారు.

ఇట్లు,
వరుసలో ఉన్నవాళ్ళం

ప్రతి: 2028లో హైదరాబాదులో, 2029లో అమరావతిలో విడుదల కాబోయే శ్వేతపత్రాల వారికి, సమాచారం నిమిత్తం. మా బకాయిలు ఏ పేజీలో వేస్తారో ముందే తెలిపితే ఇప్పుడున్నవాళ్ళకు చూపించుకుంటాం.