యుద్ధం ఆగలేదు గానీ శీర్షిక కుదిరింది

ఉజ్బెకిస్థాన్‌లోని సమర్‌కంద్‌లో 2022 సెప్టెంబరు 16న ప్రధాని మోదీ, ఉక్రెయిన్ మీద యుద్ధం చేస్తున్న రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘ఇది యుద్ధాల యుగం కాదు’ అన్నారు. ఎవరన్నా మంచి మాటే. నా బాధంతా మర్నాటి పత్రికలతో.

ప్రధాని అన్నది వార్తే. కానీ దాన్ని అమెరికా పత్రికలు వేయడం మనవాళ్లకు అంతకంటే పెద్ద వార్త. వాషింగ్టన్ పోస్ట్ వేసిందని ఒక బాక్సు, న్యూయార్క్ టైమ్స్ కూడా వేసిందని దాని కింద ఇంకొకటి.

ఆ రాత్రి డెస్కు నా కళ్లకు కడుతోంది. ఏజెన్సీ వార్త వచ్చి పడింది. ‘ఆగండి, అమెరికాలో ఇంకా మధ్యాహ్నమే, వాళ్లేమంటారో చూద్దాం’ అన్నారు ఇన్‌ఛార్జి. కాసేపటికి వాళ్లు మెచ్చుకున్నారు. ఇక పెళ్లివారు దిగినంత హడావిడి! ‘ప్రశంసించింది’ అనాలా, ‘ఆకాశానికెత్తింది’ అనాలా అని అరగంట తర్జనభర్జన. ‘ప్రపంచం నివ్వెరపోయింది’ అని పెడదామన్నారు ఒక పెద్దాయన. ఈలోగా కొత్తగా చేరిన కుర్రాడొకడు ‘సార్, మరి పుతిన్ యుద్ధం ఆపుతానన్నాడా?’ అని అడిగాడు. అందరూ అతని వంక జాలిగా చూశారు. మర్నాటి నుంచి అతనికి రాశిఫలాలు అప్పగించారు.

పుతిన్ అసలు జవాబు అయిదు రోజులకు వచ్చింది. సెప్టెంబరు 21న మూడు లక్షల మంది రిజర్వు సైనికులను యుద్ధానికి పిలిచారు. ముందు రోజే ఐక్యరాజ్యసమితిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ‘మోదీ చెప్పింది సబబే’ అని ఉండటంతో మనవాళ్లు ఇంకా ఆ మైకంలోనే ఉన్నారు. సెప్టెంబరు 30న ఉక్రెయిన్ ప్రాంతాలను రష్యా తనలో కలుపుకోవడాన్ని ఖండించే తీర్మానం భద్రతా మండలికి వస్తే మనం ఓటింగుకు దూరంగా ఉన్నాం. దానికి ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ (ఎవరి పక్షమూ చేరకుండా మన దారి మనం చూసుకోవడం) అనే పట్టుశాలువా సిద్ధంగానే ఉంది. నవంబరులో బాలి జీ20 ప్రకటనలోకి మోదీ అన్న ‘యుద్ధాల యుగం కాదు’ మాట ఎక్కింది, మళ్లీ సంబరం. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే. తగ్గింపు ధరకు దొరికేసరికి 2023 నాటికి అది దాదాపు మూడో వంతు. యుద్ధాల యుగం కాకపోవచ్చు, డిస్కౌంట్ల యుగమైతే నిస్సందేహంగా వచ్చింది.

2024 జులై 8న ప్రధాని మాస్కోలో దిగారు. ఆ రోజే కీవ్‌లో పిల్లల ఆసుపత్రి మీద క్షిపణి పడింది. ఆ రోజే పుతిన్‌తో ఆలింగనం. మరుసటి రోజు ‘అమాయక పిల్లలు చనిపోతే గుండె తరుక్కుపోతుంది’ అన్నారు, అది కూడా ‘సూటి సందేశం’ అయిపోయింది. ఎవరికి సూటి? ఏ క్షిపణి ఆగింది?

అదే ఏడాది మార్చిలో, ఏజెంట్ల మాట నమ్మి సహాయకుడి ఉద్యోగమని రష్యా సైన్యంలో చేరిన హైదరాబాదు యువకుడు యుద్ధంలో చనిపోయాడని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ యువకుడి ఇంటివాళ్లకు ఏ బాక్సు చూపిస్తారు? పొట్టకూటికి పోయినవాడి చేతికి తుపాకీ ఇచ్చింది ఎవరు? పంపిన దళారుల మీద సీబీఐ పెట్టిన కేసు ఎక్కడిదాకా వచ్చింది? సంపాదకీయం రాసే పెద్దలు ఇవి పదేపదే అడగరేం? ముందు వాషింగ్టన్‌లో ఎవరైనా అడగాలి కాబోలు.