కెమెరాకు బిల్లు ఉంటుంది, కసరత్తుకు ఉండదు

2024 మార్చి 1, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కెఫేలో పేలుడు జరిగినప్పుడు చాలామందికి తోచిన మొదటి కారణం గ్యాస్ సిలిండర్. టైమర్ అమర్చిన బాంబు అని తర్వాత తేలింది, దర్యాప్తు కొద్ది రోజుల్లోనే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికి వెళ్లింది, ఏప్రిల్ 12న ప్రధాన నిందితులు పశ్చిమ బెంగాల్లో పట్టుబడ్డారు. ఆ మొదటి అరగంటలో గాయపడ్డ తొమ్మిది మందికి కావలసినవి మాత్రం కారణాన్ని బట్టి మారేవి కావు. నెత్తురు ఆగేలా గాయాన్ని అదిమిపట్టే చెయ్యి, మరో పేలుడు జరగవచ్చన్న ఎరుకతో జనాన్ని దూరంగా నడిపించే గొంతు, ట్రాఫిక్‌లో అంబులెన్సుకు దారి చేసే మనిషి కావాలి. ఈ మూడింటికి మన ప్రభుత్వ పద్దుల్లో ఎక్కడ, ఎవరి పేరున, ఎంత డబ్బు ఉందని వెతుక్కుంటూ వెళ్తే, రెండు వేర్వేరు బీరువాలు కనిపిస్తాయి. ఒకదాని తాళం హోం శాఖలో పోలీసు విభాగం దగ్గర, రెండోదాని తాళం రెవెన్యూ శాఖలో విపత్తు నిర్వహణ విభాగం దగ్గర ఉంటాయి.

రెండో బీరువాతో మొదలుపెడదాం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకృతి వల్ల వచ్చినదాన్నీ మనిషి వల్ల వచ్చినదాన్నీ ఒకే విపత్తు అనే మాట కిందికి తెచ్చింది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ విశాల దృష్టి కుంచించుకుపోయింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చు పెట్టడానికి 2021-26 కాలానికి కేంద్రం గుర్తించిన జాబితాలో తుపాను, కరువు, భూకంపం, వరద, అగ్నిప్రమాదం, పంటలపై పురుగుల దాడి, చలిగాలులు వగైరా మొత్తం పన్నెండు ఉన్నాయి. బాంబు పేలుడు అందులో లేదు. దానికి విడిగా 2008లో మొదలైన బాధితుల సహాయ పథకం ఉంది గానీ, అది ప్రాణం పోయాకో శాశ్వత వైకల్యం కలిగాకో ఇచ్చే పరిహారం. ప్రాణం పోకుండా చూసే ఏర్పాటుకు దానితో సంబంధం లేదు.

2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధులుగా మొత్తం 1,60,153 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో తక్షణ సహాయానికి 40 శాతం, పునర్నిర్మాణానికి 30 శాతం, ముప్పు తగ్గింపుకు 20 శాతం, సంసిద్ధత, సామర్థ్యాల పెంపు అనే పద్దుకు 10 శాతం. ఆ పది శాతమంటే దేశమంతటికీ అయిదేళ్లకు సుమారు 16 వేల కోట్లు. సంసిద్ధతకు ఒక పద్దంటూ ఏర్పడడమే మెచ్చుకోదగ్గ మార్పని నా అభిప్రాయం. అంతకుముందు అది ఎవరి పద్దులోనూ సరిగ్గా లేదు. అయితే రాష్ట్రాలు పోట్లాడేది దేనికోసమో గమనించాలి. 2024లో కరువు సాయం ఆలస్యమైందని కర్ణాటక ఏకంగా సుప్రీంకోర్టు మెట్లెక్కింది, ఆ తర్వాతే నిధులు కదిలాయి. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ శిక్షణ పద్దు కింద రావలసింది రాలేదని ఏ ముఖ్యమంత్రీ ఢిల్లీలో ధర్నా చేయగా మనం చూస్తామని అనుకోను. సాయం అందితే ఫొటో ఉంటుంది, విపత్తు వస్తే ఏం చేయాలో ముందే చేసి చూసుకునే కసరత్తు బాగా జరిగితే ఏమీ జరగని రోజు ఒకటి మిగులుతుంది.

ఇక మొదటి బీరువా. పోలీసు బలగాల ఆధునికీకరణకు 2021-26 కాలానికి కేంద్రం ఆమోదించిన, అనేక పథకాలను కలిపిన గొడుగు పథకం విలువ 26,275 కోట్లు. అందులో రాష్ట్రాల పోలీసుల ఆధునికీకరణకు కేంద్ర వాటాగా 4,846 కోట్లు కేటాయించారు. దీనికి తోడు నిర్భయ నిధి నుంచి ఎనిమిది మహానగరాలకు సేఫ్ సిటీ పథకం వచ్చింది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకునే ఈ పథకంలో బెంగళూరుకు 667 కోట్లు, చెన్నైకి 425 కోట్లు, హైదరాబాదుకు 282 కోట్ల పైచిలుకు మంజూరయ్యాయి. మహిళల భద్రత కోసం పుట్టిన డబ్బు ఇది. బెంగళూరులో ఏడు వేలకు పైగా కెమెరాలు, ఒక కమాండ్ సెంటరు ఆ డబ్బుతో వచ్చాయి. వాటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. కెఫే కేసులో నిందితుడి కదలికలను సిటీ బస్సు కెమెరాలతో సహా అనేక కెమెరాల దృశ్యాలు కలిపి కుట్టుకుంటూ వెళ్లి దర్యాప్తు అధికారులు పట్టుకోగలిగారు. కాకపోతే కెమెరా పనికొచ్చింది పేలుడు తర్వాత. సంచీతో లోపలికి వచ్చిన మనిషి సంచీ లేకుండా వెళ్లిపోతున్నాడని ఆ క్షణంలో గమనించగలిగేది బల్ల తుడిచే కుర్రాడో, టోకెన్ ఇచ్చే అమ్మాయో. వాళ్లకు ఆ చూపు నేర్పడానికి ఈ రెండు బీరువాల్లో దేన్నుంచీ పైసా రాలదు.

పైగా వాళ్ల యజమాని మీద ఒక చట్టం ఉంది. దాని మూలం మన తెలుగు నేలే. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల చట్టం తెచ్చింది. జనం గుమిగూడే ప్రతి సంస్థా సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టాలని అది చెప్పింది. కర్ణాటక అదే బాటలో 2017లో తన చట్టం చేసుకుంది. ప్రభుత్వానికి ఇది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినంత హాయి: భద్రత తనది, ఖర్చు హోటలువాడిది. నాలుగు టేబుళ్ల టిఫిన్ సెంటరు యజమాని నాసిరకం కెమెరా ఒకటి తగిలించి, తనిఖీకి వచ్చినవారికి చూపించి, ఆ సంగతి మరిచిపోతాడు. అతణ్ణి తప్పుపట్టలేను. చట్టం అతణ్ణి అడిగింది పరికరం, తెలివిడి కాదు.

పరికరం వైపే డబ్బు ఎందుకు వెళ్తుందన్నది అధికారుల నిజాయితీకి సంబంధించిన ప్రశ్న కాదు, గ్రాంటు నడిచే తీరుకు సంబంధించినది. మంజూరైన సొమ్ము నిర్ణీత గడువులో ఖర్చు కావాలి, ఖర్చయిందని వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి, అది వెళ్తేనే తర్వాతి వాయిదా వస్తుంది. మార్చి నెలలో ఏ కార్యాలయానికి వెళ్లినా ఈ హడావుడి తెలుస్తుంది. కెమెరాకు టెండరు ఉంటుంది, ఇన్‌వాయిస్ ఉంటుంది, గోడకు బిగించాక లెక్కపెట్టడానికి వీలుంటుంది. వార్డు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సులకు ఒకేసారి ముప్పై మంది క్షతగాత్రులు వస్తే ఎవరిని ముందు చూడాలో నేర్పితే, ఆ నేర్పు ఆడిటరు చేతికి అందే వస్తువు కాదు. అందువల్ల ఫైలు తనంతట తానే వస్తువు వైపు జారుతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా స్థానిక ప్రభుత్వాలకు ఉగ్రవాద నిరోధక గ్రాంట్లను భారీగా మొదలుపెట్టింది. రాష్ట్రానికి వచ్చిన సొమ్ములో 80 శాతాన్ని 45 రోజుల్లోగా కింది సంస్థలకు చేర్చి తీరాలన్న షరతు అందులో ఉంది. మనం ముందుగా అరువు తెచ్చుకోవలసింది అదేనని నాకనిపిస్తుంది. అయినా ఆ పథకం నవ్వులపాలైన సందర్భాలు తక్కువేమీ లేవు. 2006లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దగ్గరున్న, దాడుల నుంచి కాపాడవలసిన కీలక ఆస్తుల జాబితాను తనిఖీ చేస్తే 8,591 అంశాలతో ఇండియానా రాష్ట్రం న్యూయార్క్‌ను మించిపోయింది. పేలాల కర్మాగారం కూడా జాబితాలో చేరిందని బయటపడింది. అదే ఏడాది న్యూయార్క్ నగర గ్రాంటును దాదాపు 40 శాతం తగ్గించారు. సుమారు ఇరవై మూడు వేల జనాభా ఉన్న కీన్ అనే చిన్న పట్టణం, తాము ఏటా జరుపుకొనే గుమ్మడికాయల ఉత్సవానికి ముప్పు ఉండవచ్చని చెప్పి, దాదాపు 2,86,000 డాలర్ల సాయుధ వాహనం సంపాదించింది. సెనేటర్ టామ్ కోబర్న్ 2012లో విడుదల చేసిన నివేదిక ఇలాంటివాటిని ఏకరువు పెట్టింది.

అదే పథకం డబ్బు బోస్టన్‌లో మరో రకంగా ఖర్చయింది. 2011, 2012లలో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సులు, ఆసుపత్రులు కలిసి రోజంతా సాగే ఉమ్మడి కసరత్తులు చేశాయి. 2013 ఏప్రిల్ 15న మారథాన్ ముగింపు గీత దగ్గర రెండు బాంబులు పేలినప్పుడు ముగ్గురు అక్కడికక్కడే చనిపోయారు, రెండు వందల అరవై మందికి పైగా గాయపడ్డారు. ప్రాణంతో ఆసుపత్రికి చేరిన క్షతగాత్రుల్లో ఒక్కరూ మరణించలేదు. మంచి ఆసుపత్రులు దగ్గరలో ఉండడం, మారథాన్ కోసం వైద్య శిబిరం అప్పటికే అక్కడ సిద్ధంగా ఉండడం కూడా కారణాలే, ఘనతంతా కసరత్తుకే కట్టబెట్టకూడదు. కానీ ఏ క్షతగాత్రుణ్ణి ఏ ఆసుపత్రికి పంపాలో అప్పటికే చేసి చూసుకున్నవాళ్లు అక్కడ ఉన్నారన్నది నిజం.

మన దగ్గర ఇలాంటివి అసలు లేవనలేం. తమిళనాడు తీరంలో జరిగే సాగర్ కవచ్ కసరత్తులో కొందరు పోలీసులు చొరబాటుదారుల్లా పడవల్లో వస్తే, మిగతావారు మత్స్యకారుల సాయంతో వారిని పట్టుకోవాలి. ఎవరు పట్టుబడ్డారో, ఎవరు దాటిపోయారో కసరత్తు ముగిసేసరికే తెలిసిపోతుంది. నేను చూసినంతలో మన రక్షణ వ్యవస్థ తన లోపాన్ని తానే బయటపెట్టుకునే అరుదైన ఏర్పాటు ఇది. దీనికి పూర్తిగా ఎదురు, కార్యాలయాల్లో జరిగే మాక్ డ్రిల్లు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో డ్రిల్ ఎప్పుడన్నది ముందు రోజే ఈమెయిల్‌లో వచ్చేది, జనం కాఫీ కప్పులతో సహా దిగి, మెట్ల కింద ఫొటో దిగి, లిఫ్టులో పైకి వెళ్లేవారు.

బెంగళూరు విషయానికి వస్తే చిన్నస్వామి స్టేడియం ఒక్కటి చాలు. 2010 ఏప్రిల్ 17న ఐపీఎల్ మ్యాచ్‌కు ముందు అక్కడ బాంబులు పేలి పదిమందికి పైగా గాయపడ్డారు. 2025 జూన్ 4న అదే స్టేడియం గేట్ల దగ్గర విజయోత్సవానికి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి పదకొండు మంది చనిపోయారు. మొదటిది ఉగ్రవాదం బీరువాలోది, రెండోది ఏ బీరువాలోదో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేం. గేటు దగ్గర ఎంతమంది చేరారో లెక్కించడం, పక్క దారి తెరవడం, మైకులో ఒకే మాట ఒకే గొంతుతో చెప్పడం, అంబులెన్సు దారి ఖాళీగా ఉంచడం రెండు రోజులకీ కావలసిన పనులే. 2010 తర్వాత ఆ గేట్ల దగ్గర సోదాలు, మెటల్ డిటెక్టర్లు మామూలయ్యాయి. 2025లో వాటి వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక ఈ నగరంలో ఉన్న తెలుగువారికి బాగా తెలిసిన చోటు ఒకటుంది. శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు మడివాళలోనో మారతహళ్లిలోనో నిలబడితే హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు, తిరుపతి, కడప పేర్లతో ప్రైవేటు బస్సులు వరస కడతాయి. సంక్రాంతికి ముందు వారమైతే కాలు పెట్టే చోటుండదు. అది బస్టాండు కాదు, ఫుట్‌పాత్. కాబట్టి అక్కడి జనం ఎవరి బాధ్యతా కాదు: రవాణా శాఖది బస్సు, ట్రాఫిక్ పోలీసులది రోడ్డు, కార్పొరేషన్‌ది ఫుట్‌పాత్, ప్రయాణికుడు దేవుడి దయ. సామాను అరలోకి ఎక్కే పార్సిళ్లను తెరిచి చూసేవారు లేరు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 24న, హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయి 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. అరలో పార్సిల్‌గా వెళ్తున్న సెల్‌ఫోన్ల బ్యాటరీలు మంటకు తోడయ్యాయని వార్తలొచ్చాయి. ఈ రెండింట్లో ఉగ్రవాదం లేదు. అయితే బెంగళూరు నుంచి గువాహటి వెళ్తున్న రైల్లో 2014 మే 1న చెన్నై సెంట్రల్‌లో పేలుళ్లు జరిగినప్పుడు చనిపోయినదీ మన తెలుగు అమ్మాయే, ఊరికి బయల్దేరినదే. ఎవరూ చూడని పార్సిల్ బ్యాటరీల పెట్టె కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చూసే అలవాటు ఉంటే రెండూ దొరుకుతాయి.

2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణ, రాజధానులకూ కార్పొరేషన్లున్న నగరాలకూ పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసుకునే వీలు కల్పించింది. అదే ఏడాది బెంగళూరు పాలన గ్రేటర్ బెంగళూరు అథారిటీగా, ఐదు కార్పొరేషన్లుగా మారింది. రెండు బీరువాలనూ ఒక బల్ల మీదికి తేగల చోటు ఇదే. నా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. భద్రత పేరుతో నగరానికి వచ్చే ప్రతి గ్రాంటులో వందో వంతును, బెంగళూరు సేఫ్ సిటీ లెక్కలో అది ఆరున్నర కోట్లు దాటుతుంది, ముందే చెప్పకుండా జరిపే ఉమ్మడి కసరత్తులకు విడిగా ఉంచాలి. తర్వాతి వాయిదా విడుదలకు వినియోగ ధ్రువపత్రంతో పాటు ఆ కసరత్తులో దొరికిన లోపాల పట్టికను కూడా అడగాలి. లోపమే దొరకలేదని రాసిన కార్పొరేషన్‌కు వాయిదా ఆపాలి.

లోపాలు బయటపెడితే దుండగులకు దారి చూపినట్టవుతుందని పోలీసు అధికారులు అంటారు. పహరా వివరాల విషయంలో ఆ భయం సమంజసమే. అంబులెన్సు ఎన్ని నిమిషాలకు వచ్చింది, హోంగార్డుకు రక్తం ఆపే కట్టు కట్టడం వచ్చా రాదా, హెచ్చరిక ఏ ఏ భాషల్లో వినిపించింది అనేవి రహస్యాలు కావు. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడి కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీలకు కన్నడం కొంత వస్తుంది, ఇంగ్లీషు రాదు. గందరగోళంలో వచ్చిన భాష కూడా చెవికెక్కదు. కన్నడం, తమిళం, తెలుగు, హిందీ, ఉర్దూల్లో నాలుగు వాక్యాలు ముందే రికార్డు చేసి ప్రతి గస్తీ వాహనంలో ఉంచడానికి ఏ టెండరూ అక్కర్లేదు. బహుశా అందుకే అది ఏ ప్రతిపాదనలోనూ కనిపించదు.

ఇవన్నీ అడగవలసిన కార్పొరేటర్ల సంగతి మరొకటి ఉంది. 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు ముగిశాక ఈ నగరానికి ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. అంటే కెఫే పేలుడు నాడూ స్టేడియం తొక్కిసలాట నాడూ ఆ వార్డుల తరఫున లేచి లెక్క అడగడానికి ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు. మడివాళ ఫుట్‌పాత్ మీద సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డ వారిలో చాలామంది ఓటు కడపలోనో నెల్లూరులోనో ఉంటుంది. ఎన్నికలు జరిగినా వారి భద్రతకు నిధులడగడం వల్ల ఓట్లు రాలే కార్పొరేటరు దొరకడం కష్టమే. అందుకే ఆ కసరత్తుల్లో మొదటిది శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి, మడివాళలోనే జరగాలని గ్రాంటు షరతుల్లోనే రాయించాలి.