సారె ఎక్కుతున్న సంతానం: తల్లిదండ్రులకు హెచ్చరిక

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వెంటనే దృష్టి పెట్టాల్సిన సమస్య ఒకటుంది. ఇళ్ళ ధరలు కాదు, గ్రీన్‌కార్డు క్యూ కాదు. మన పిల్లలు కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి కుమ్మరి సారె ముందు కూర్చుని మట్టి పిసుకుతున్నారు.

బయల్దేరినప్పుడు వాళ్ళ ఉద్దేశం మంచిదే. రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీ, ఆ తర్వాత యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు ట్రాన్స్‌ఫర్. ఫీజు ఆదా, పరువు భద్రం. కాల్క్యులస్, ఫిజిక్స్, డేటా స్ట్రక్చర్స్ సర్దుకున్నాక టైమ్‌టేబుల్లో ఒక ఖాళీ మిగులుతుంది. "ఈజీ ఏ వస్తుంది నాన్నా" అని అందులో సిరామిక్స్, అంటే మట్టి పాత్రల క్లాసు, పడేస్తారు. కొంప మునిగేది అక్కడే.

ముందు లెక్కలు చూద్దాం, మనకు అర్థమయ్యే భాష అదే కాబట్టి. రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకు యూనిట్‌కు, అంటే ఒక క్రెడిట్‌కు, 46 డాలర్లు. మూడు యూనిట్లకు 138. మట్టికీ రంగులకూ వేరే ఫీజు. చవకే, కాదనం. కానీ ఉపన్యాసాల క్లాసులో మూడు యూనిట్లకు వారానికి మూడు గంటలు కూర్చుంటే సరిపోతుంది. స్టూడియో క్లాసులో అవే మూడు యూనిట్లకు చాలా కాలేజీలు ఆరు గంటలు తీసుకుంటాయి. గంటకు రావలసిన యూనిట్ల దిగుబడి సగానికి పడిపోయిందన్నమాట. పోనీ ఏ డిగ్రీకైనా తప్పనిసరైన జనరల్ ఎడ్యుకేషన్‌లో కళల గడి నిండుతుందా అంటే, దానికి ఆర్ట్ హిస్టరీ పనికొస్తుంది గానీ ఉత్త చేతిపని క్లాసు చాలాచోట్ల చెల్లదు. ఇంత నష్టం కళ్ళెదుట కనబడుతున్నా పిల్లలు వెయిట్‌లిస్టులో నిలబడతారు.

ఇక బోధన పద్ధతి. గైడు లేదు, బిట్ బ్యాంక్ లేదు, ముఖ్యమైన ప్రశ్నలు లేవు. పాతిక పౌన్ల సంచీలోంచి అర కిలో మట్టి తీగతో కోసి చేతికిస్తారు. దాన్ని బల్ల మీద పొట్టేలు తల ఆకారం వచ్చేదాకా అరచేతి మడమలతో యాభై, అరవైసార్లు ఒత్తాలి. లోపలి గాలిబుడగలు పోవాలి, తేమ అంతటా సమానం కావాలి. తర్వాత సారె మధ్యలో గట్టిగా అతికించి, మోచేతులు తొడలకు ఆనించి, చక్రం వేగంగా తిరుగుతుంటే ఆ ముద్దను నడుమకు తేవాలి. ఈ ఒక్క పనికే రెండు మూడు వారాలు పడుతుంది. ఎంసెట్‌కు ఏ కార్పొరేట్ కాలేజీ అయినా ఈ వ్యవధిలో కెమిస్ట్రీ మొత్తం రెండుసార్లు రివిజన్ చేయించి ఉండేది.

బలం ఎక్కువైతే ముద్ద పక్కకు ఒరుగుతుంది. నీళ్ళు ఎక్కువైతే గోడ మెత్తబడి కూలుతుంది. అడుగు సుమారు ఒక సెంటీమీటర్ ఉంచాలి, సూది గుచ్చి చూసుకోవాలి. అడుగును స్పాంజితో గానీ చెక్కతో గానీ నొక్కి బిగించకపోతే ఆరేటప్పుడు సరిగ్గా మధ్యలో ఎస్ అక్షరంలా చీలుతుంది. గోడ లేపేటప్పుడు చక్రం వేగం తగ్గించాలి. ప్రతి లాగుడికీ ఇంకాస్త తగ్గించాలి. వేగం తగ్గించుకుంటూ పోతే పైకి వస్తావని మన పిల్లలకు చెప్పే సంస్థ మీద ఇప్పటిదాకా ఒక్క కేసు కూడా లేదు!

దారుణం ఇక్కడితో ఆగదు. కుర్రాడు చెమటోడ్చి మొట్టమొదటిసారి ఏడంగుళాల కూజా నిలబెడతాడు. ఫోన్ తీసి అమ్మకు ఫోటో పంపబోతాడు. ఇంతలో టీచర్ నవ్వుతూ వచ్చి, తీగతో దాన్ని పైనుంచి కిందికి నిలువునా కోసేస్తారు. రెండు ముక్కలూ బల్ల మీద పరుస్తారు. పైన అర సెంటీమీటర్ గోడ, కింద రెండు సెంటీమీటర్ల దిబ్బ. "చూశావా, మట్టంతా కిందే మిగిలిపోయింది" అంటారు. కుర్రాడు కోప్పడడు. వంగి, వేలితో ఆ మందం తడిమి చూసి తలూపుతాడు. ఇంట్లో పరీక్షలో రెండు మార్కులు తగ్గాయేమని అడిగితే తలుపు వేసుకునే పిల్లవాడు ఇతనే.

తప్పిన మట్టి సంగతి ఇంకా విడ్డూరం. దాన్ని పారేయరు. ఎండబెట్టి, నీళ్ళ బకెట్‌లో నానేసి, ప్లాస్టర్ పలకల మీద పరిచి, మళ్ళీ పిసికి వాడతారు. పూర్తిగా ఎండిన మట్టే నీళ్ళలో చక్కగా విచ్చుకుంటుంది, సగం తడిది మొండికేస్తుంది. అంటే ఫెయిలైన మట్టికి ఎన్నిసార్లయినా సప్లిమెంటరీ ఉంది. బిస్క్ మంటలో, అంటే గాజుపూత (గ్లేజ్) వేయకముందు కాల్చే మొదటి మంటలో, ఒకసారి కాలిందంటే మాత్రం రీవాల్యుయేషన్ లేదు.

ఆ బిస్క్ అంటే కోన్ 04, సుమారు 1060 డిగ్రీల సెల్సియస్. కోన్ అంటే ఆ వేడికి కరిగి వంగిపోయే చిన్న మట్టి శంకువు. జర్మనీలో సెగర్ వీటిని 1886లో తయారుచేశాడు, అమెరికాలో ఆర్టన్ తర్వాతి దశాబ్దంలో అందుకున్నాడు. డిజిటల్ మీటర్ ఉన్నా ఇప్పటికీ కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) కన్నంలోంచి కోన్ వంగిందా లేదా అని చూస్తారు. మీటర్ వేడి మాత్రమే చెబుతుంది, ఆ వేడిలో ఎంతసేపు ఉందన్నది కూడా కోన్‌కు తెలుసు. కుండ లోపల తడి మిగిలితే వంద డిగ్రీలు దాటగానే ఆవిరై పేలుతుంది, పక్కవాళ్ళ కప్పుల్ని కూడా పట్టుకుపోతుంది. అందుకని రాత్రంతా సన్నసెగ మీద ఉంచుతారు. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రూపం మారుతుంది. ఆత్రపడి తలుపు తెరిచి చల్లగాలి తగలనిస్తే టక్‌మని పగులు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అన్నారా?

గ్లేజ్ దగ్గర మన పిల్లలు కాస్త రాణిస్తారు, అది కెమిస్ట్రీ కనుక. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నలభై పాళ్ళు, సిలికా ముప్పై, వైటింగ్ (సుద్దపొడి) ఇరవై, కయొలిన్ (తెల్ల బంకమట్టి) పది. కోన్ 10కి ఇది పాతకాలపు నమ్మకమైన కొలత. దీన్ని చూడగానే కంఠస్థం చేసేస్తారు. కానీ మూడు సెకన్లు ముంచాల్సింది ఎనిమిది సెకన్లు ముంచుతారు, బాగా పట్టాలని. అడుగున పావు అంగుళం ఖాళీ వదలమంటే వదలరు. 1290 డిగ్రీల దగ్గర గ్లేజ్ గాజై కారి, కప్పును కిల్న్ పలకకు శాశ్వతంగా అతికించేస్తుంది. తర్వాత ఉలితో కొట్టి, గ్రైండర్ పట్టి ఆ పలక శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో వేరే చెప్పాలా? ఇక అర శాతం రాగి కలిపిన గ్లేజ్ గ్యాస్ కిల్న్‌లో ఆక్సిజన్ తక్కువైతే ఎర్రగా వస్తుంది, సరిపడా అందితే లేతాకుపచ్చగా వస్తుంది. ఒకే జవాబుకు రెండు రంగులు! ఏ కీలోనూ ఇలాంటి అవకతవక చూడం.

అన్నట్టు, స్టూడియోలో చీపురు నిషేధం. పొడి మట్టి ఊడిస్తే సిలికా ధూళి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, తడిగుడ్డతోనే తుడవాలి. ఇంట్లో ప్లేటు తీయని పిల్లలు అక్కడ క్లాసు అయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తున్నారు. ఇది మన సంస్కృతికి తగునా?

సంస్కృతి అన్నాం కాబట్టి. మన ఊళ్ళో కుమ్మరి వీధి ఉండేది. పెళ్ళికి ఐరేని కుండలు కావాలంటే మేళతాళాలతో ఆ గడపకే వెళ్ళేవాళ్ళం. తక్కిన రోజుల్లో ఆ వీధి పేరు ఎత్తేవాళ్ళం కాదు. ఏడాదంతా వాడిన ముంతలకూ మూకుళ్ళకూ కళ్ళంలో గింజలు కొలిచి, అందులోనూ బేరమాడేవాళ్ళం. స్టీలు గిన్నె రాగానే అదీ మానేశాం. సారె తిప్పిన చేతులు కూలిపనికి పోయాయి, ఎవరూ వెయిట్‌లిస్టులో నిలబడలేదు. ఇప్పుడు మన మనవడు కొలరాడో నుంచో ఒహాయో నుంచో వచ్చిన టీచర్ దగ్గర, డాలర్లు కట్టి, అదే మట్టి, అదే సారె నేర్చుకుని వంకర కప్పు పట్టుకొస్తే షోకేసులో పెట్టి బంధువులకు చూపించే పరిస్థితి దాపురించింది. గేటెడ్ కమ్యూనిటీలో ఎవరైనా "మీవాడు కుండలు చేస్తున్నాడటగా" అంటే, "కాదండీ, సిరామిక్స్" అని సవరించుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని మనకంటే ముందే పసిగట్టింది. 2013 నుంచి దృశ్యకళలు, ప్రదర్శన కళలు, వ్యాయామం క్లాసుల్లో ఒకే కోవకు చెందినవాటిని నాలుగుసార్లకు మించి తీసుకోకూడదని కట్టడి పెట్టింది. మంచి నిర్ణయం. నాలుగు సెమిస్టర్లలో ఎవరికీ పనితనం రాదు, వచ్చేలోగా బయటికి పంపేస్తే ముప్పు తప్పుతుంది. కానీ అమలులో లొసుగులున్నాయి. కాలేజీ ఒప్పుకుంటే ఆడిట్ పద్ధతిలో, యూనిట్‌కు 15 డాలర్లు మించని ఫీజుతో, మార్కులు లేకుండా కూర్చోవచ్చు. ఇంకా పెద్ద కన్నం పెద్దవాళ్ళ కోసం పెట్టిన నాన్‌క్రెడిట్ క్లాసులు. వాటికి ట్యూషన్ లేదు, ఎన్నిసార్లయినా చేరొచ్చు. మనవణ్ణి దింపడానికి కారులో వచ్చిన రిటైర్డ్ అకౌంట్స్ ఆఫీసర్ తాతయ్యగారు కిటికీలోంచి ఒకసారి తొంగిచూశారంటే చాలు, తర్వాతి వారం ఏప్రన్ కట్టుకుని సారె ముందు ఉంటారు. ఆయన్ని ఆపడం ఎలా? యూనిట్లు లేవు, జీపీఏ లేదు, ట్రాన్స్‌ఫర్ లేదు. భయపెట్టడానికి మన దగ్గర ఇంకేం లేదు.