జానెడు కేబులుకు బారెడు బెట్టు

విశాఖపట్నం.

మహారాజశ్రీ అడాప్టర్ కేబుల్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా రిమోట్ కారు అల్మారా మీద క్షేమం. బ్యాటరీ డబ్బాలో క్షేమం. ఛార్జర్ బల్ల మీద క్షేమం. మూడూ నిక్షేపంగా పనిచేస్తాయి, కాకపోతే ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో దూరదు. తమరు దయచేస్తే తప్ప బండి కదలదట.

తమరిలో ఉన్నదేమిటయ్యా అంటే ఓ ఎర్ర తీగ, ఓ నల్ల తీగ, అటూ ఇటూ రెండు ప్లగ్గులు. అంతే. కానీ తప్పంతా తమరిదే అనను. బ్యాటరీ నుంచి వచ్చేది ప్లస్సూ మైనస్సూ, మూడోది లేదు. ఆ రెంటికీ ప్లగ్గుల్లో ఎన్ని వేషాలండీ! నికెల్ క్యాడ్మియం సెల్స్ ఆరు కలిపి 7.2 వోల్టులు అనుకున్న కాలం నాటి తెల్ల టామియా, ఎర్ర డీన్స్, నీలం ఈసీ3, పసుపు ఎక్స్‌టీ60. ట్రాక్సస్ వాళ్లది మళ్లీ వేరే. వీళ్లంతా ఒక్క మాట మీదకి వచ్చిన మర్నాడు తమరి ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి తమరికీ తెలుసు, వాళ్లకీ తెలుసు. అందుకే రారు.

తమరి కోసం డాబా గార్డెన్స్ వెళ్లాను. "ఎక్స్‌టీ60 ఉందాండీ?" అంటే "అది ఏ కంపెనీ ఫోనండి?" అన్నాడు కుర్రాడు. పోనీ ఛార్జర్ ఒక్కో సెల్‌ని విడిగా చూసుకునే బ్యాలెన్స్ ప్లగ్గు అడిగితే రెలిమేట్ అనే వేరే రకం కనెక్టర్ చేతిలో పెట్టి "ఇదీ తెల్లగానే ఉంది కదండి" అన్నాడు. తెల్లగానే ఉంది పాపం. పిన్నుల దూరం కూడా దాదాపు అంతే. నేనడిగిన జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ రకంలో 2.5 మిల్లీమీటర్లు, ఇందులో 2.54. గూడు మాత్రం వేరు, కూర్చోదు. కుర్రాణ్ణి అనడానికేం లేదు, ఊళ్లో అడిగేవాళ్లు ఎంతమంది గనక? ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు కొసలా ఆడ ప్లగ్గులతో దిగారు తమరు.

ఇక తమరిని ఇంట్లోనే పుట్టించక తప్పలేదు. అదీ తేలికా? ఇంటి వైరింగు తీగ బిర్రుగా ఉండి వంగదు. 14 గేజ్ సిలికాన్ తీగే కావాలి. మామూలుగా దొరికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ అంత లావు తీగని వేడెక్కించలేక చేతులెత్తేస్తుంది, 60 వాట్లది ఉండాలి. పైగా మన సముద్రపు గాలికి ఒలిచి ఉంచిన రాగి నల్లబడి, సోల్డర్ అంటుకోదు. బ్లేడుతో గీకాలి. వేడికి ముడుచుకుని అతుకుని కప్పే హీట్ ష్రింక్ గొట్టం ముందే తొడగాలి. ఎక్స్‌టీ60 ప్లాస్టిక్ వేడికి మెత్తబడి పిన్నులు వంకర పోతాయి కాబట్టి, దాని జోడీని గుచ్చి ఉంచి అతకాలి. బ్యాటరీ వైపు ఎప్పుడూ ఆడదే, లేకపోతే బయటికి పొడుచుకొచ్చిన పిన్నులకి ఏ స్క్రూడ్రైవరో తగిలితే దీపావళే.

ఇంత సేవ చేయించుకుని తమరు చేసే నిర్వాకం చూడండి. ఎక్స్‌టీ60 కొస 60 ఆంపియర్లు మోస్తానంటుంది. టామియా కొసకి అందులో పావు వంతుకే చెమటలు. దానికి తోడు, తమరు కలిపేస్తారే తప్ప ఎవరిని ఎవరితో కలుపుతున్నామని అడగరు. 7.2 వోల్టుల కోసం పుట్టిన పాత ఈఎస్‌సీకి, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్‌కి, మూడు సెల్స్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తగిలిస్తే, నిండా ఛార్జ్ అయినప్పుడు 12.6 వోల్టులు. పొగ వచ్చేది ఈఎస్‌సీలోంచి. తమరు మాత్రం చల్లగా ఉంటారు. రెండు సెల్స్ పెట్టినా, సెల్ 3 వోల్టులకి దిగితే ఆగాలని ఆ పాతదానికి తెలియదు. బ్యాటరీ ఉబ్బుతుంది.

కావున తమరికి తెలియజేయునది ఏమనగా, ఇంట్లో కార్లకీ బ్యాటరీలకీ పాత ప్లగ్గులు కోసేసి అన్నింటికీ ఎక్స్‌టీ60 అతికిస్తున్నాను. బ్యాటరీ తీగలు మాత్రం ఒకటి అతికి, టేపు చుట్టాకే రెండోది కోస్తాను. తమరి వంశమంతా రేపటి నుంచి సెలవు.

ఛార్జర్ దగ్గర ఒక్క పోస్టు మిగిలింది: ఒక కొస 4 మిల్లీమీటర్ల బనానా పిన్నులు, రెండో కొస ఎక్స్‌టీ60 మగది. జీతం లేదు, సొరుగులో వసతి. షరతు ఒక్కటే. ముందు ఛార్జర్‌కి తగులుకుని, ఆ తర్వాతే బ్యాటరీ దగ్గరికి వెళ్లాలి. తిరగేసి వెళ్తే ఆ బనానాలు రెండూ గాల్లో ఒకదాన్నొకటి ముద్దాడి, ఆ పోస్టూ కాలిపోతుంది. ఇష్టమైతే చేరండి.

ఇట్లు,
సోల్డర్ పొగ పీలుస్తూ,
ఓ విశాఖవాసి