రక్తప్రవాహం వేరు, నాడీకణాల పని వేరు
ఫంక్షనల్ ఎంఆర్ఐ (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్) మూర్ఛ (ఫిట్స్) సమయంలో నాడీకణాల పనిని నేరుగా చూపుతుందన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. అది పట్టుకునేది రక్తంలోని ఆక్సిజన్ మార్పును. నాడీకణాలు ఉత్తేజితమైన నాలుగైదు సెకన్లకు గానీ ఆ మార్పు పూర్తిగా కనబడదు కాబట్టి, ఈలోగా మూర్ఛ మెదడులో మరో భాగానికి పాకి ఉండవచ్చు. హనుమకొండలో మా తమ్ముడికి తీసిన మామూలు ఎంఆర్ఐలో ఏ లోపమూ కనబడలేదు (ఫిట్స్ మాత్రం ఆగలేదు). తర్వాత హైదరాబాదులో స్పెక్ట్ పరీక్ష (మెదడులో రక్తప్రవాహాన్ని చూపే స్కాన్) కోసం చేర్చుకుని, ఫిట్స్ మొదలైన క్షణాల్లోనే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన మందును నరంలోకి ఎక్కించి, అవి తగ్గాక స్కాన్ తీశారు. ఆ మందు ఒకటి రెండు నిమిషాల్లో మెదడులో నిలిచిపోతుంది కనుక, ఆలస్యంగా తీసిన చిత్రంలోనూ మూర్ఛ వేళనాటి రక్తప్రవాహమే దొరుకుతుంది. ఇంజెక్షన్ ఆలస్యమైతే ఫిట్స్ మొదలయ్యే చోటు అంచనా తప్పవచ్చని డాక్టరు ముందే చెప్పారు.